గుప్పెట్లో తాళంచెవులు

ఆ సినిమాలోంచి మా ఆవిడ చప్పుడు పోయిన రోజు ఆదివారం. అంతకు ముందు ఆదివారం అది అక్కడే ఉంది. భోజనం చేసి, ఫోన్లో యాప్ తెరిచి, అలవాటు ప్రకారం వరండా సీను పెట్టుకున్నాను. కథానాయిక ఇల్లు వదిలి, పొడవాటి వరండాలో చివరిదాకా నడిచి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు ఉంది. తాళంచెవుల చప్పుడు లేదు. ఫోను చెవికి ఆనించుకుని మళ్ళీ విన్నాను. లేదు. సినిమా పేరు కింద కొత్తగా ఒక వాక్యం చేరింది: ‘ధ్వనిని మెరుగుపరిచాం.’

మా ఆవిడ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆవిడ సినిమాల్లో నడిచేది. తెర మీద కాదు. షూటింగులో మైకుకు మాటలు చిక్కినంత బాగా అడుగులు చిక్కవట. అందుకని తర్వాత ఒక మూసిన గదిలో, తెర మీద బొమ్మను చూస్తూ, ఎవరో ఒకరు వాళ్ళ బదులు నడవాలి, తలుపు వేయాలి, గ్లాసు కింద పెట్టాలి. ఆ పనికి ఒక ఇంగ్లీషు పేరుంది. మా ఇంట్లో ‘నడక పని’ అనేవాళ్ళం. మా గుమ్మంలో చెప్పుల గుట్ట చూసి, లోపల ఏదో సభ జరుగుతోందనుకుని వెనక్కి తిరిగిన చుట్టాలున్నారు. కూరకు తెచ్చిన క్యారెట్లు సగం ఫైటు సీన్లలో ఎముకలు విరిగే చప్పుడుకే పోయేవి. పోలీసు పాత్రకు తెచ్చిన కొత్త బూట్లు మెత్తబడాలని వాటితోనే వంట చేసేది.

“ఇనస్పెక్టరు గారూ, కాసిని మంచినీళ్ళు” అనేవాణ్ణి.

“స్టేషనుకొచ్చి అడుగు మాస్టారూ” అనేది.

ఆవిడ నడిచిన సినిమాలు చాలా ఉన్నాయి. వాటిల్లో వినబడేది ఆవిడ కాదు. ముసలాయన నడిస్తే ముసలాయనే, దొంగ నడిస్తే దొంగే. పనితనమంటే అదే. ఒక్క వరండా సీనులో మాత్రం ఆవిడే ఉంది.

దానికి కారణం మా ఇంటి తాళంచెవులు. ఎక్కడ పెట్టిందో మరిచిపోవడం ఆవిడకు మామూలు. ఆ సీను చేసే ముందురోజే అవి పోయి, బడి నుంచి వచ్చిన మా అమ్మాయి, నేను, ఆవిడ చీకటి పడేదాకా మెట్ల మీద కూర్చున్నాం. చివరికి అవి ఆవిడ సంచిలో ఉన్న బూటులోనే దొరికాయి. “ఈసారి పోతే కిటికీలోంచి నిన్నే దూరమంటాను” అన్నాను. అందుకని మర్నాడు వాటిని సంచిలో పెట్టకుండా గుప్పెట్లో పట్టుకునే పని చేసింది. అమ్మాయి వచ్చేలోపు ఇంటికి చేరాలని తొందర. మోగకుండా ఎంత బిగించి పట్టుకున్నా, నాలుగడుగులకోసారి సన్నగా ఒక చప్పుడు తప్పించుకుంది. మళ్ళీ చేద్దామన్నారట. దర్శకుడు వద్దన్నాడట. “ఇల్లు వదిలి వెళ్ళే మనిషి చేతిలో తాళంచెవులుంటే తప్పేముంది? ఉంచండి.”

అలా మా ఇల్లు ఆ సినిమాలోకి వెళ్ళింది.

ఆ సినిమా నిర్మాత దాన్ని ఒక కంపెనీకి అమ్మాడు. ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. సోమవారం బడిలో నా పాఠాలయ్యాక వాళ్ళకు ఫోన్ చేశాను. నా మాట ఓపికగా విన్నది ఒక అమ్మాయి.

“మన్నించండి సార్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఏదో గలగలమంటోంది, చిరాకుగా ఉందని ఎవరో రాశారు. చాలామంది అవునన్నారు. మెషీన్‌తో శుభ్రం చేయించాం. అది ఆ చప్పుణ్ణి దుమ్ము కింద జమకట్టింది.”

“పాతది ఉందా అమ్మా?”

“లేదండీ. మాకు అమ్మినవాళ్ళు ఒక్కటే కాపీ ఇచ్చారు. దాని మీదే తుడిచాం.” తనే మళ్ళీ అంది. “అది కావాలని ఉంచిందేనని దర్శకుడు చెబితే, మీరు మళ్ళీ రికార్డు చేసివ్వండి. నేను పెట్టిస్తాను. మా వాళ్ళతో నేను మాట్లాడతాను.”

దర్శకుడు తన దగ్గరా పాతది లేదని చెప్పి, ఫోన్లోనే సరేనన్నాడు. ఇక మిగిలింది నడవడం.

ఆవిడ పనిచేసిన గదిలో శబ్దం రికార్డు చేసే మనిషికి ఆవిడ పెట్టిన పేరు చెవులాయన. ఆవిణ్ణి అక్కా అనేవాడు కాబట్టి నన్ను బావగారూ అంటాడు. శనివారం, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. గదిలో నేల మీద చెక్క, రాయి, ఇసుక, పలకలు పలకలుగా అలాగే ఉన్నాయి. గోడవారన ఆవిడ చెప్పులు కొన్ని ఇంకా ఉన్నాయి.

“మనం సినిమా హాలు కోసం చేశాం బావగారూ” అన్నాడు చెవులాయన. “హాల్లో అది ఎక్కడో దూరంగా వినబడేది. ఇప్పుడు సరాసరి చెవిలోకే దూరిపోయింది. చూసేవాళ్ళను మాత్రం ఏమంటాం?”

అమ్మాయి వాళ్ళమ్మ చెప్పులు వేసుకుంది. సరిగ్గా సరిపోయాయి. తాళంచెవులు పట్టుకుని, తెర మీద కథానాయికను చూస్తూ నడిచింది.

“ఆవు మెడలో గంట కట్టినట్టుందే తల్లీ.”

“మావయ్యా!”

“మరి ఉన్నమాటే కదా. తగ్గించు.”

తగ్గించింది. ఈసారి అసలు వినబడలేదు. ఇంకోసారి మోగింది గానీ, ఎవరినో పిలుస్తున్నట్టు మోగింది. చెవులాయన నన్ను లేపాడు. నేనూ నడిచాను.

“మీరు హాజరు వెయ్యడానికి వెళ్తున్నారు బావగారూ. ఆవిడేమో ఇల్లు వదిలి వెళ్తోంది.”

అమ్మాయి పడీపడీ నవ్వింది. వాళ్ళమ్మ పోయాక అది అలా నవ్వడం చూడలేదు. నేను మళ్ళీ నడిచాను, కొంత దాని నవ్వు కోసమే. చప్పుడు మాత్రం కుదరలేదు.

నవ్వు ఆగాక అమ్మాయి నేల మీదే కూర్చుంది. తాళంచెవులు ఒళ్ళో పెట్టుకుంది.

“నాన్నా, అమ్మ అది మోగకూడదనుకుంది. మనం మోగాలనుకుంటున్నాం. అందుకే రావట్లేదు.”

“బిగించి పట్టుకో అయితే” అన్నాను.

“బిగించే పట్టుకున్నాను. ఎప్పుడు మోగుతుందా అని దాని మీదే నా ధ్యాసంతా. అమ్మ ధ్యాస దాని మీద లేదు కదా.”

ఎవరి మీద ఉందో మా ముగ్గురికీ తెలుసు. చెవులాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మైకు ఆపేశాడు.

“ఇవాళ్టికి వదిలేద్దాం బావగారూ. ఇంటికెళ్ళాలని తొందరగా ఉన్న రోజు ఎప్పుడైనా రండి. ఒక్క ఫోన్ కొట్టి వచ్చెయ్యండి. గది ఖాళీ చేసి పెడతాను.”

సరేనన్నాను.

అమ్మాయి తన ఆఫీసు వైపు బస్సెక్కింది. నేను నడిచే వచ్చాను. దారిలో మా బడి గేటు ముందు బల్ల మీద కాసేపు కూర్చున్నాను. గేటుకు తాళం వేసి ఉంది. ఆ తర్వాత ఇంటికి వెళ్ళాను.

మొన్న కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. పని ఎంతవరకు వచ్చిందని అడిగింది. కుదరలేదని చెప్పాను.

“తొందరేం లేదు సార్” అంది.

తాళంచెవులు గుమ్మం పక్కన మేకుకు తగిలించి ఉంచాను. ఇప్పుడు అవి పోవడం లేదు. వరండా సీనుకు చప్పుడు ఇంకా రికార్డు చేయలేదు.