దూది కండలు

నాటకాలకు దుస్తులు కుట్టే ఆ ఇంట్లో బక్కపలచని నటుణ్ణి మహారాజుగా మార్చడం చిటికెలో పని. దూది దట్టించిన లోచొక్కా ఒకటి తొడిగితే భుజాలూ పొట్టా వాటంతటవే వచ్చేస్తాయి. ఆ ఉదయం తల్లి అలాంటి చొక్కానే కన్నకూతురికి తొడిగింది. అగ్నిమాపక దళంలో ఉద్యోగానికి ఆ రోజే ఆఖరి పరీక్ష.

"అమ్మా, ఉడికిపోతున్నానే," అంది కూతురు.

"ఓర్చుకో. ఈ పిల్ల గాలొస్తే ఎగిరిపోతుందనుకుంటే ఉద్యోగం ఎవరిస్తారు?"

చిన్నప్పటి నుంచి కూతురికి 'పుల్ల' అనే పేరు స్థిరపడిపోయింది. కడుపునిండా తింటుంది, మెట్లన్నీ పరుగున ఎక్కుతుంది. అయినా "తిండి పెట్టడం లేదా?" అని తల్లిని అడగనివారు లేరు. చదువరులారా, ఆ అడిగినవారిలో మనమూ ఉంటాం. మనకది జాలి, వినేవాళ్లకు సూదిపోటు.

మైదానంలో బరువైన నీటిగొట్టం భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కాలి. పుల్ల సగం దాకా ఎక్కింది. లోపల దూది చెమటకు తడిసి ముద్దయింది, ఊపిరాడలేదు, కళ్లు బైర్లు కమ్మాయి. దిగిపోక తప్పలేదు. కంచె అవతల నిలబడ్డ తల్లి ముందుకు వంగి చూసింది.

"ఇంకొక్క అవకాశం. అంతే," అన్నాడు అధికారి.

అక్కడే ఉన్న డాక్టరమ్మ పుల్లను ఎగాదిగా చూసింది. "పోయిన వారం వైద్య పరీక్షకు నా దగ్గరికి వచ్చింది నువ్వేనా? వారంలో ఇంత లావెలా అయ్యావు?"

పుల్ల మైదానం పక్కనున్న గుడారంలోకి వెళ్లి ఆ చొక్కా విప్పి పారేసింది. తేలికపడ్డ ఒంటితో వచ్చి గొట్టం ఎత్తుకుంది. ఈసారి నిచ్చెన మీద ఆమె అడుగు ఆగితే ఒట్టు. కింద ఉన్నవాళ్లు ఈలలు వేశారు, తల్లి కంచె పట్టుకుని "ఎక్కవే తల్లీ, ఎక్కు" అంటూ గొంతు పోయేలా అరిచింది. పుల్ల పైకి చేరి చెయ్యి ఊపేసరికి మైదానమంతా చప్పట్లతో దద్దరిల్లింది. ఉద్యోగం ఖాయమైంది.

ఆనందం పట్టలేకపోతున్నా తల్లికి అనుమానం తీరలేదు. "ఇంత సన్నగా ఉండటం జబ్బు కాదా డాక్టరమ్మా? పుట్టినప్పటి నుంచీ ఇంతే. వాళ్ల నాన్నా ఇంతే."

"బరువు తక్కువైతే ఒకసారి చూపించుకోవడం మంచిదే. అందుకే అన్నీ పరీక్షించాం. రక్తం బాగుంది, ఆకలి బాగుంది, నెలసరి సక్రమంగా ఉంది. ఇది ఈ పిల్ల ఒంటి తీరు, జబ్బు కాదు. ఉన్నట్టుండి చిక్కినా, నీరసపడినా మాత్రం మా వంశమే అంతని ఊరుకోకండి. వెంటనే తీసుకురండి."

తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఊరివాళ్లు మాటలతోనే సరిపెట్టారు. నేను ఆ మాటల్ని కుట్టి మరీ నీకు తొడిగాను. తప్పు నాదే."

"పోనీలే అమ్మా, ఆకలేస్తోంది, పద," అంది పుల్ల నవ్వుతూ.

గేటు దగ్గర ఎవరో ఆవిడ ఆగి, "అయ్యో, ఇంత చిక్కిపోయిందేమిటండీ మీ అమ్మాయి?" అంది.

"చిక్కిపోలేదమ్మా, మా పిల్ల తీరే అంత," అంది తల్లి నెమ్మదిగా. "ఎంత బరువున్నావని కాదు, ఒంట్లో ఎలా ఉందని అడగండి."