నడవలో ఉన్న ఫైలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాయనమ్మ, పెదనాన్న, ఆయన కొడుకు కదిరవన్ అన్న, మగ్గం మీద నాన్న, నేను. అమ్మ, పెద్దమ్మ ఆరణిలో పెళ్లికి వెళ్లారు.

నేను గీసిన చీర అంచుకు ఆ రోజు అట్టలు కొట్టాలి. ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పేవి ఆ చిల్లుల అట్టలే. నా గీత చీర మీదికి ఎక్కడం అదే మొదటిసారి. బాగా కుదిరితే ఇక రోజూ కంప్యూటర్ గదిలో కూర్చోవచ్చని పెదనాన్న అన్నాడు.

తీరా చూస్తే అట్టలు కొట్టే ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఏదో ఫైలు లేదని చెప్పి ఆగిపోయింది.

"నిన్న దీని ముందు ఎవరు కూర్చున్నారు?" అన్నాడు పెదనాన్న. నేను తల వంచుకున్నాను. ఆయన నిట్టూర్చి మగ్గం వైపు వెళ్లాడు.

నిన్న నా గీత దాచడానికి కంప్యూటర్లో చోటు చాలక, ఎవరూ వాడని పాత బొమ్మల ప్రోగ్రాం తీసేశాను. పోతూ పోతూ అది ఒకటి అడిగింది: ఈ ఫైలు ఇంకెవరూ వాడుతున్నట్టు లేదు, తీసేయనా అని. ఆ ఫైలు దాని ఫోల్డరులో కాకుండా ఎక్కడో మూలన ఉంది. చెత్త అనుకున్నాను. పెదనాన్నను అడగడానికి నోరు రాలేదు. సరేనని నొక్కాను.

"రుబ్బురోలు మీ వంటింట్లో ఉందా, మా వంటింట్లో ఉందా?" అన్నాడు కదిరవన్ అన్న, నేను చేసింది చెప్పాక.

"నడవలో."

"ఎందుకని?"

"రెండు పొయ్యిలకీ అదొక్కటే కదా."

"ఇదీ అంతే. రెండు ప్రోగ్రాములకూ అదే ఫైలు కావాలి. దేని గదిలో దానికి ఒకటి పెట్టుకుంటే ఈ ముసలి డబ్బాలో చోటేదీ? అందుకే నడవలో ఒకటి పెట్టి, ఎందరు వాడుతున్నారో కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది."

"మరి ఎవరూ వాడట్లేదంది కదన్నా."

అన్న గొంతు తగ్గించాడు.

"అట్టల ప్రోగ్రాం నేను సరిగ్గా పెట్టలేదే. ఎదురింటి నేతవాళ్ల కంప్యూటర్ నుంచి కాపీ తెచ్చి పడేశాను. అందుకే అది లెక్కలోకి ఎక్కలేదు. నాన్నకు చెప్పకు."

"నా రోలు పేరెత్తుతున్నారేంట్రా?" అంది నాయనమ్మ నడవలోంచి. "దాన్నీ పోగొట్టారా?"

అన్న ఎదురింటికి వెళ్లి ఆ ఫైలు తెచ్చాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. అప్పటికే మధ్యాహ్నమైంది, నాన్న ఖాళీ మగ్గం మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందిరా దీనికి?" అన్నాడు పెదనాన్న వచ్చి.

అన్న తెర మీంచి చూపు తిప్పలేదు. "పాప ఏదో తీసేసింది నాన్నా."

చెప్పాల్సిన మాట నా గొంతు దాకా వచ్చింది. అన్న మెడ వెనక చెమట చూస్తూ నిలబడ్డాను.

పెదనాన్న కోప్పడలేదు. పెళ్లిళ్ల నెలంతా సరిగ్గా నిద్రలేని మొహం ఆయనది. "ఒక్క మాట అడిగితే పోయేది కదమ్మా. పాత హంసల అంచే కొట్టరా," అని అన్నకు చెప్పి నా వైపు తిరిగాడు. "నువ్వెళ్లి నాయనమ్మకు పప్పు రుబ్బిపెట్టు."

నా గీత కాగితం బల్ల మీదే ఉంది. పెదనాన్న దాన్ని తీసి నా చేతిలో పెట్టి, నన్ను గడప దాటించి, తలుపు వేసేశాడు.