వియ్యంకుల ల్యాప్‌టాప్‌లు

మా ఇంటి ముందుగదిలో నేను పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాను. ఈ మాట ఎవరితోనైనా అంటే మా మామయ్యగారు పక్కనుంచి "స్క్రూలు తిప్పుతుంది" అని సరిదిద్దుతారు. ఈమధ్య ఇంకో మాట పట్టుకున్నారు. "నెలాఖరుకల్లా ఆ గది ఖాళీ చెయ్యమ్మాయ్." ఎందుకండీ అంటే చెప్పరు, పేపర్లోకి తల దూర్చేస్తారు. ఒళ్ళు మండదూ? ఆరేళ్ళు కిందామీదా పడి నిలబెట్టుకున్న పని. ఆ గది పోతే పని కూడా పోయినట్టే.

అలాంటి మనిషి ఒకరోజు తువ్వాల్లో ఏదో చుట్టి చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ నా గదిలోకి వచ్చారు. విప్పితే, పాతికేళ్ళనాటి ఆయన ల్యాప్‌టాప్.

దానికో కథుంది. ఆయనా మా నాన్నా ఒకప్పుడు ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల వాళ్ళు. ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే రకం ల్యాప్‌టాప్ కొన్నారు. తర్వాత నా పెళ్ళితో వియ్యంకులయ్యారు కానీ, "నాది నీదానికంటే బాగుంది" అనే పోటీ మాత్రం తెగలేదు. ఇప్పుడు లైబ్రరీ హాల్లో పాత యంత్రాల ప్రదర్శన పెడుతున్నారు. ఒక్క భాగం కూడా మార్చకుండా నడుస్తున్న యంత్రానికి ప్రశంసాపత్రం.

"హార్డ్ డిస్కు టకటకలాడుతోంది. అది తీసేసి చప్పుడు చెయ్యని కొత్తరకం ఎస్సెస్డీ కార్డు వెయ్. మీ నాన్నకి తెలియకూడదు. పత్రం నాకొచ్చిందా, గది నీకే" అన్నారు.

గది నాకే! ఇంకేం కావాలి? సరేనన్నాను.

మర్నాడు మా నాన్న వచ్చారు. ఆయన చేతిలో సంచీ. "తల్లీ, దీని డిస్కు మూలుగుతోంది. కొత్తది వెయ్. మీ మామగారికి మాత్రం చెప్పకు." తల బాదుకున్నాను. కన్నతండ్రిని పొమ్మంటానా?

పాత డిస్కులో ఉన్నదంతా కొత్త కార్డులోకి ఉన్నదున్నట్టు ఎక్కించాలి. ఒక్కోదానికి నాలుగేసి గంటలు పట్టింది. మధ్యలో ఎక్కడ ప్రాణం వదిలేస్తాయోనని అన్నం కూడా వాటి పక్కనే కూర్చుని తిన్నాను. మామూలుగా ప్రతి కార్డుకీ సొంతదారు పేరు రాసి అంటిస్తాను. ఈసారి పేరు రాస్తే ఇంట్లో యుద్ధమే. అందుకని ఎడంపక్కది మామయ్యగారిది, కుడిపక్కది నాన్నది అని బల్లమీద పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మామయ్యగారు తలుపు తోశారు. గబుక్కున లేచి, రెండు కార్డుల్నీ కలిపి సొరుగులోకి తోసేశాను. మళ్ళీ తీసేసరికి ఎడమేది, కుడేది? గుర్తున్నట్టే అనిపించింది. బిగించాను. తెర వెలగ్గానే మురిసిపోయి మూసేశాను. ఇంకో నిమిషం ఆగి చూడొద్దూ? చూడలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

ప్రదర్శన రోజు ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టారు. పత్రం ఎవరికివ్వాలో తేల్చే మేడం వచ్చి "ఆన్ చెయ్యండి" అంది. కొత్త కార్డులు చప్పుడు చెయ్యవు కదా, ఆ సంగతి ఆవిడ కనిపెట్టకుండా మామయ్యగారు దగ్గడం మొదలెట్టారు. అదే ఉపాయం మా నాన్నకీ తట్టింది. వియ్యంకులిద్దరూ పోటీపడి దగ్గుతుంటే మేడం భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

తెరలు వచ్చాయి. మామయ్యగారి తెరమీద, సముద్రపొడ్డున చొక్కా లేకుండా, నల్లకళ్ళద్దాలతో నడుంమీద చేతులేసుకుని, మా నాన్న!

కార్డులు తారుమారు చేశాను.

"ఎవరండీ ఈయన?" అంది మేడం.

ఇది నా డిస్కు కాదంటే గుట్టు రట్టవుతుంది. మామయ్యగారు దగ్గు ఆపి, "మా బావగారు. ఆయనంటే నాకు ప్రాణం" అన్నారు. మా నాన్న మొహం చూడాలి మీరు, నవ్వాలో ఏడవాలో తెలియక వంకర్లు పోయింది.

మేడం ఈసారి నాన్న వైపు తిరిగింది. ఆ తెరమీద 'దినచర్య' అని ఒకే ఒక్క ఫైలు. "తెరిచి నాలుగు ముక్కలు చదవండి."

నాన్న తనదే అన్నట్టు గొంతు సవరించుకుని మొదలెట్టారు. "'మా కోడలి గదిలో ఎప్పుడూ జనం, నవ్వులు...'"

"మీకు కోడలుందా?"

"రాబోతోందండీ" అన్నారు నాన్న. ఆయనకున్నది నేనొక్కదాన్నే.

"'మా బావగారు వారానికి మూడుసార్లు వచ్చి అక్కడే కూర్చుంటారు. నన్నెవరూ రమ్మనరు. నేనే వెళ్తే ఆ పిల్ల పని ఆపేసి లేచి నిలబడుతుంది. అందుకే గది ఖాళీ చెయ్యమన్నాను. అప్పుడు హాల్లో బల్ల వేసుకుంటుంది. హాల్లో అయితే నేనుంటాను కదా...'" చదువుతూ చదువుతూ నాన్న గొంతు సన్నబడిపోయింది.

"ఆపండి బావగారూ! అది నాది!" అని మామయ్యగారు ఒక్క ఉదుటున లేచారు.

"మీది ఈయన ల్యాప్‌టాప్‌లోకి ఎలా వచ్చింది?" అంది మేడం. హాలంతా మావైపే చూస్తోంది.

"నేనే మార్చానండీ. రెండూ" అన్నాను.

ఇంకేముంది, ఇద్దరి పేర్లూ కొట్టేశారు. పత్రం ఒక కుట్టుమిషనుకి పోయింది.

బస్సులో వియ్యంకులిద్దరూ ల్యాప్‌టాప్‌లు ఒళ్ళో పెట్టుకుని, చీవాట్లు తిన్న బడిపిల్లల్లా కూర్చున్నారు. మామయ్యగారు కిటికీలోంచి తల తిప్పలేదు. ఆయన్ని కడిగేద్దామనే పక్కన కూర్చున్నాను. ఆరేళ్ళుగా ఆయన వస్తే గౌరవమనుకుని లేచి నిలబడ్డాను. పాపం, ఆయనకది పొమ్మన్నట్టుండేదని నాకేం తెలుసు? కోపం ఎటుపోయిందో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గది ఖాళీ చెయ్యనండీ" అన్నాను. "రేపు పదింటికి మీరే అక్కడికి రండి. కార్డులు ఎవరివి వాళ్ళకి మార్చాలి, స్క్రూలు మీరే తిప్పుదురుగాని. నేను మాత్రం లేచి నిలబడను, ముందే చెబుతున్నా."

మా స్టాపు దగ్గర పడుతుండగా మామయ్యగారు మెల్లగా నావైపు తిరిగారు.

"తొమ్మిదింటికే తెరవకూడదా అమ్మాయ్?"