ఆకుపచ్చ క్లిప్పు

బల్ల బయట కనిపిస్తున్నవి రెండు పాదాలు, ఒక అరిగిన చెప్పుల జత. మిగతా మనిషంతా బల్ల కిందే ఉన్నాడు. పార్సిలు ఆఫీసులో అందరికీ ఆ పాదాలు బాగా తెలుసు, పోర్టు బాబాయి ముఖం కన్నా వాటినే ఎక్కువ చూశారు.

"బాబాయ్, లిస్టులో ఏడు పోయింది!" పైనుంచి బుకింగు గుమాస్తా కేకేసింది.

"మళ్ళీ గుచ్చుతున్నా. వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే తూకం మిషను ఇవాళ ఏడులో కాపురం పెట్టింది. ఏడు కొట్టమ్మా."

ఇదీ ఆయన ఉద్యోగం. తూకం మిషను తీగకు కంప్యూటరు తనకు తోచిన పోర్టు నంబరు ఇస్తుంది. నిన్న మూడు, ఇవాళ ఏడు. తీగ పీకి, ఏ నంబరు మాయమైందో చూసి, మళ్ళీ గుచ్చి, ఆ నంబరు తూకం ప్రోగ్రాములో కొట్టాలి. చెప్పుకుంటే ఇంతే. కానీ దానికి బల్ల కింద దూరాలి కాబట్టి పదకొండేళ్ళలో ఇంకెవరూ నేర్చుకోలేదు.

ఉద్యోగ విరమణ అయి ఏడాది దాటింది. "ఆ పోర్టుల గొడవ తేలేదాకా ఉండండి" అంటూ మేనేజరు మూడు నెలలకోసారి పొడిగింపు కాగితం మీద సంతకం పెడుతున్నాడు. ఆ గొడవ కలకాలం తేలకూడదని బాబాయి లోలోపల మొక్కుకునేవాడు. విరమణ అయిన కొత్తలో పదిరోజులు ఇంట్లో కూర్చుని చూశాడు. భార్య ఊడ్చేటప్పుడు కాళ్ళు పైకెత్తడం తప్ప మరో పని దొరకలేదు.

తీగల గుంపులో తూకానిది తెలియడానికి దానికో ఆకుపచ్చ బట్టల క్లిప్పు తగిలించాడు. అది ఇంట్లో దండెం మీదిది. డజనులో ఒకటేమైందని ఆవిడ పదకొండేళ్ళుగా అడుగుతోంది. గాలికి పోయిందని ఆయన పదకొండేళ్ళుగా చెబుతున్నాడు.

కొత్త కాగితం మీద సంతకం కావలసింది ఆ రోజే. సంతకం కన్నా ముందు సాఫ్ట్‌వేరు అమ్మాయి వచ్చింది.

"ఇక మీరు బల్ల కింద దూరక్కర్లేదు బాబాయ్‌గారూ. మిషను ఏ పోర్టులో ఉన్నా ప్రోగ్రామే వెతుక్కుంటుంది."

బాబాయి చూపు మేనేజరు ముందున్న పొడిగింపు కాగితం మీదికి పోయింది. "మంచిదేగా" అన్నాడు, పైకి.

ప్రోగ్రాము కాసేపు గింగిరాలు తిరిగి 'తూకం మిషను దొరికింది' అంది. ఇద్దరు మనుషులు రొప్పుతూ ఒక ఇనుప మోటారు తెచ్చి పెట్టారు. నాలుగు కిలోలు. తరువాత దిండ్ల మూట. అదీ నాలుగే. మూట దించేశాక ఖాళీ పళ్ళెం కూడా నాలుగే.

"మోటారూ దిండ్లూ ఒకటే బరువేంటి బాబాయ్?" అంది గుమాస్తా.

"మిషను చెప్పాక మనకెందుకండీ, రాసేయండి" అన్నాడు మోటారు ఆసామి.

అంతలో ఎవరో మందుల పార్సిళ్ళు ఉంచే చల్లగది తలుపు తీశారు. ఖాళీ పళ్ళెం బరువు ఐదు కిలోలైంది. బాబాయికి సంగతి అర్థమైపోయింది.

"ఇది మనకు పనికిరాదమ్మా, బాబాయే నయం" అని మేనేజరు కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశాడు. బాబాయి చేయవలసిందల్లా నోరు మూసుకోవడమే.

"రెండు నెలలు కూర్చుని రాశానండీ" అంటూ ఆ అమ్మాయి తనే బల్ల కింద దూరింది. ఠంగుమని తల కొట్టుకుంది. ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో, ఎంతసేపు సలుపుతుందో ఆ ఆఫీసులో బాబాయి ఒక్కడికే తెలుసు.

"బయటికి రా తల్లీ. తప్పు నాది" అన్నాడు. "తూకం తీగను ఆమధ్య ఎలుక కొరికితే, ఇదే కంప్యూటరుకున్న చల్లగది థర్మామీటరు కోసం కొన్న స్పేరు తీగ తెచ్చి పెట్టేశా. ఎవరికీ చెప్పలేదు. రెండూ కవలలు. ఇందాకటి నాలుగూ ఐదూ కిలోలు కావు, చల్లగది డిగ్రీలు."

"అయ్యో! నా ప్రోగ్రాము తీగను చూసే గుర్తుపడుతుంది."

"మనిషిని వదిలేసి చొక్కాను పట్టుకుందన్నమాట."

"మరి మీకు అనుమానమొస్తే ఎలా తేల్చుకుంటారు?"

"పళ్ళెం మీద చెయ్యి నొక్కుతా. ఏ అంకె ఉలిక్కిపడితే అదే తూకం."

ఆ అమ్మాయి అరగంటసేపు టకటకలాడించింది. తెర మీద కొత్త వాక్యం వచ్చింది: 'పళ్ళెం మీద చెయ్యి నొక్కండి.' గుమాస్తా నొక్కింది. అంకె ఉలిక్కిపడింది. మోటారు ముప్పై ఎనిమిది కిలోలు తూగింది, ఆసామి ముఖం వేలాడింది.

మేనేజరు కలానికి మూత పెట్టాడు. "ఇక రేపట్నుంచి హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నాడు, మంచిగానే.

బాబాయికి ఏడుపొచ్చింది. తన మాట తెర మీద మెరుస్తుంటే గర్వమూ కలిగింది. ఏ ముఖం పెట్టాలో తెలియక వెళ్ళి టీ తాగిన గ్లాసు కడిగి బోర్లించాడు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని, టిఫిన్ డబ్బా తీసుకున్నాడు.

"బాబాయ్‌గారూ, మీ క్లిప్పు!" అని ఆ అమ్మాయి వెనకనుంచి పిలిచింది.

"ఉండనీ తల్లీ. మా ఇంట్లో అది ఎప్పుడో గాలికి పోయింది."

అరిగిన చెప్పులు గడప దాటాయి. బల్ల కింద, ఇక ఎవరూ వెతకనక్కర్లేని తీగను గట్టిగా కరిచి పట్టుకుని ఆకుపచ్చ క్లిప్పు అలాగే ఉంది.