సూపు పక్కన ఆకులు

కలకత్తా ఖిదిర్‌పూర్ బస్టాండు వెనక సందులో ఉన్న ఆ హోటలుకు నాలుగే బల్లలు. పక్క పేట ఏక్‌బాల్‌పూర్‌కు చెందిన ఓడ వంటవాణ్ణి పెళ్ళాడి వియత్నాం నుంచి వచ్చిన హొవా దాన్ని నడుపుతోంది. తొంభై రూపాయలకు పెద్ద గిన్నె నిండా కోడి సూపు, అందులో బియ్యప్పిండి సేమ్యా, పక్కన పచ్చి ఆకులు, నిమ్మబద్ద. రేవు కూలీలు మధ్యాహ్నం అక్కడే కడుపు నింపుకుంటారు.

సత్యవేణి అక్కడ వంటకు కుదిరి పదిహేను రోజులైంది. రేపటి నుంచి వెళ్ళాలో మానాలో ఇవాళ తేలిపోతుంది. అత్త జగ్గమ్మ స్వయంగా వచ్చి తిని చూస్తానంది. భర్త యోగేశ్ ఆ నిర్ణయం తల్లికే వదిలేశాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో సత్యవేణికి మనసుకు నచ్చిన పని దొరకడం ఇదే మొదలు. అందుకే గంట ముందే వచ్చి, అల్లం కాల్చి, ఎముకలు మెత్తబడేదాకా సూపు మరిగించింది.

జగ్గమ్మ వచ్చి, బల్ల చెంగుతో తుడుచుకుని మరీ కూర్చుంది. సత్యవేణి గిన్నె తెచ్చి పెట్టింది, పక్కనే ఆకుల పళ్ళెం.

అత్త చెయ్యి గిన్నె దాకా వెళ్ళి ఆగిపోయింది. పళ్ళెంలోంచి ఒక రెమ్మ తీసి కళ్ళకద్దుకుంది.

"కోడి నీసులో తులసేటే?"

అది మన తులసి కాదనీ, హొవా దేశపు వంటాకనీ సత్యవేణి చెప్పింది. అత్త నమ్మలేదు. హొవా సంగతి గ్రహించి కిటికీలోని కుండీ ఎత్తుకొచ్చింది. ఊదా కాడలు, ఊదా పూలు. జగ్గమ్మ ఆకు నలిపి చూస్తే సోంపు వాసన. వాళ్ళ ఊళ్ళో దీనికి దీపం పెడతారేమో కనుక్కోమంది. సత్యవేణి బెంగాలీలో అడిగితే, తన తల్లి నీళ్ళు మాత్రం పోసేదని హొవా నవ్వింది.

జగ్గమ్మ కోడలి వైపు తిరిగింది. "నువ్వేసుకుని తిన్నావేటి?"

సత్యవేణి తల వంచుకుంది. ఇన్నాళ్ళూ అందరి గిన్నెల పక్కనా ఆ ఆకులు సర్దింది గాని, తన గిన్నెలో ఒక్కనాడూ వేసుకోలేదు. ఎవరైనా అడిగితే బాగుంటుందని చెప్పేసేది.

"నేదత్తా. బయమేసింది."

జగ్గమ్మ నాలుగు ఆకులు తుంచి వేడి సూపులో వేసి, గిన్నె కోడలి ముందుకు జరిపింది.

"వొండీదానివి. రుసి తెలకుండా జనానికెలా ఎడతావు? తిను. తప్పయితే నా మీదెయ్యి."

సత్యవేణి తిన్నది. ముందు ఘాటు, వెనక చిన్న తీపి. ఎలాగుందని అత్త అడగలేదు. తనూ అదే గిన్నెలో చెంచా ముంచింది. మొదట ఆకుల్ని పక్కకు నెట్టింది. మూడో చెంచాకి నెట్టడం మానేసింది.

"రేపు ఎన్నింటికి రావాల?"

"తొమ్మిదింటికత్తా."

"అయితే పొద్దుట గంజి నాను కాత్తానులే," అంది జగ్గమ్మ, ముక్క ఉన్న సేమ్యా కోడలి వైపుకు తోస్తూ.