ఉందంటే సరిపోదు

"నీదేముందిలే, ఉందా లేదా అని చూడటమేగా. రేపు లీవు పెట్టేయ్."

పొద్దున్నే ఉతికిన బట్టలు మడతపెడుతుంటే మా ఆయన అన్న మాట ఇది. రేపు అత్తయ్యను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలట. అపాయింట్‌మెంటు తీసుకున్నది ఆయన, "మా ఆవిడ తీసుకొస్తుంది" అని అక్కడ చెప్పిందీ ఆయనే. అందరికంటే చివర తెలిసింది నాకు. రేపే ఆఫీసులో నా పనిని మందుల కంపెనీవాళ్ళకు చూపించాలన్న సంగతి ఆయనకు చెప్పే ఉన్నాను. చేతిలో ఉన్న ఆయన చొక్కా కాలరు సరిచేసి దొంతరలో పెట్టాను. సరేనని నేను అనలేదు. అననక్కర్లేదు కూడా. ఈ ఇంట్లో నా మౌనానికి సరే అనే అర్థం ఎప్పుడో ఖాయమైపోయింది. ఆఫీసుకు వెళ్ళగానే లీవు అడిగాను, ఇచ్చారు.

ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నా ఉద్యోగం ఉందా లేదా అని చూడటమే. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు తయారుచేసే ఆఫీసు మాది. ఏ మందు ఎవరికి ఎంత వెయ్యాలనే వివరాలు కంపెనీ పంపిస్తే, వాటిని అచ్చుపేజీగా మార్చేది ఎక్స్ఎస్ఎల్‌టి ప్రాసెసర్ అనే సాఫ్ట్‌వేర్. పాతది తీసేసి కొత్తది తెస్తున్నారు. పాతదాంట్లో ఒక్కో పనికి ఒక్కోటిగా వాడుకున్న ఫంక్షన్లు, పైన తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లు కొత్తదాంట్లో ఉన్నాయో లేవో నేను తేల్చాలి. అందుకో చిన్న ప్రోగ్రాం రాశాను. అది ఒక్కో ఫంక్షన్ పేరూ చెప్పి 'నీకిది వచ్చా?' అని అడుగుతుంది. వచ్చంటే పిలిచి ఆ పని చేయిస్తుంది. రాదంటే వేరే దారి చూసుకుంటుంది. రాదన్నందుకు ఎవరూ మొహం ముడుచుకోరు, మా ఇంటి కోడళ్ళకు అన్నీ వచ్చని దెప్పరు. పెళ్ళైన కొత్తలో నన్నూ ఎవరైనా ఇలా అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడక్కుండానే పిలిచారు, నేనూ పరిగెత్తాను. ఆడపడుచు పిల్లలకు జ్వరమొస్తే నేను, మావగారి బ్యాంకు పనికి నేను, ఆయన చెప్పులు ఆయనకే కనబడకపోతే నేను. "నీ కాళ్ళకు చక్రాలున్నాయమ్మా" అని మెచ్చుకునేవారు. మెచ్చుకుంటే అలసట తీరిపోతుందని వాళ్ళ నమ్మకం.

మధ్యాహ్నం ఒక ఎక్స్‌టెన్షన్ దగ్గర ఆగిపోయాను. పిల్లల బరువును బట్టి మోతాదు లెక్కగట్టి వేసేది అది. ఉందా అంటే ప్రాసెసర్ ఠక్కున ఉందంది. ఎందుకో అనుమానమొచ్చి పిలిచి చూశాను. పేజీ చక్కగా వచ్చింది. తప్పు జరిగిందన్న మాటైనా లేదు. మోతాదు ఉండాల్సిన గడి మాత్రం ఖాళీ. మళ్ళీ అడిగాను. మళ్ళీ ఉందనే అంది. నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఈ మహాతల్లిని నేనెరుగుదును. ఏమడిగినా ఉందనడం, లోపల ఖాళీ అయినా పైకి పేజీ నిండుగా కనిపించేలా చూసుకోవడం, ఇన్నేళ్ళూ నేను వెలగబెట్టింది ఇదే కదా. లేదని ఒప్పుకున్న ఫంక్షన్‌తో ఏ బిడ్డకూ ముప్పు లేదు. దానికి బదులు ఇంకొకటి రాసుకుంటాం. ఉందని నమ్మించేదానితోనే ముప్పంతా. నేను జాబితాలో దాని ఎదుట 'లేదు' అని రాశాను.

టీమ్ లీడు నా భుజం మీదుగా తొంగిచూశాడు. "ఉందనే వస్తోంది కదా మేడమ్, ఉందని పెట్టేయండి. ఈ ఒక్కదాని కోసం మొత్తం ఆపుతామా?"

"పిలిస్తే ఖాళీ వస్తోందండీ."

"మీరు మరీ చాదస్తం. రేపు లీవేగా, రెస్టు తీసుకోండి. కంపెనీవాళ్ళతో నేను మాట్లాడతా."

ఏం మాట్లాడతాడో నాకు తెలుసు. ఆ గడి ఊసెత్తకుండా దాటించేస్తాడు. ఒళ్ళు మండింది.

"లీవు వద్దండీ. రేపు నేనే చూపిస్తాను. ఆ ఖాళీ గడితో సహా."

"ఇంట్లో పనుందన్నారు?"

"ఉంది. చేసేవాళ్ళు ఇంకొకరున్నారు."

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగానే మా ఆయన అడిగాడు. "లీవు దొరికిందా?"

"దొరికింది. వద్దన్నాను. రేపు నాకు కుదరదు."

ఎందుకు కుదరదో చెప్పడానికి కారణాలన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. అన్నిటినీ మింగేశాను.

"కుదరదంటే? నేను మాటిచ్చేశానే!"

"నన్నడిగే ఇచ్చారా?"

"ఇంట్లోదానివి, దీనికి కూడా అడగాలా?"

నేను అత్తయ్య వైపు తిరిగాను. దవడకు చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంది. "అత్తయ్యా, రేపు మీరు ఎవరితో వెళ్తారు?"

ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అడుగుతున్నాననుకుని. "నన్నా?" అంది. దవడ మీంచి చెయ్యి తీసింది. "వాడితోనే వెళ్తానే. వాడికి పాలపళ్ళు వచ్చేటప్పుడు ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది నేనే కదా."

"అమ్మా, నాకు ఆఫీసుంది!" అన్నాడాయన.

రోజంతా ప్రాసెసర్‌ను అడిగినట్టే, కోపం లేకుండా, జవాబు కోసం ఆగి అడిగాను. "మీకు లీవు ఉందా?"

"ఉందనుకో. ఉంటే మాత్రం..."

"ఉందంటే సరిపోదు. పెట్టి చూపించండి."