పదకొండేళ్ల మంచిమాటలు

ఆ కళ్లజోళ్ల షాపు అన్నదమ్ములిద్దరిదీ. ముందుగదిలో అన్నగారు కళ్లు పరీక్ష చేసి నంబరు రాస్తారు. వెనకగదిలో తమ్ముడు ఆ నంబరుకి అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగిస్తాడు. రెండు గదులకీ మధ్య నీలంరంగు పరదా, పది అడుగుల దూరం. ఆ పది అడుగులూ దాటి ఒకరితో ఒకరు మాట్లాడుకుని పదకొండేళ్లయింది.

కారణం ఒక్క మాట. ఒక పెళ్లిలో పెద్దమనుషులెవరో తమ్ముణ్ణి చూపించి, ఈయనా డాక్టరేనా అని అడిగారు. "అబ్బే, వీడు మా మెకానిక్" అన్నారు అన్నగారు. తమ్ముడు చేతిలో కంచం అక్కడే పెట్టేసి, "ఈయన మాత్రం డాక్టరేంటండీ? గోడమీద అక్షరాలు చదివిస్తాడు, అంతే" అన్నాడు. పెద్దమనుషులు నవ్వారు. ఇద్దరి మీదా సమానంగానే నవ్వారు కానీ, ఎవరి వాటా నవ్వు వాళ్లకే ఎక్కువ తగిలింది.

అప్పటినుంచి మాటలు మోసే పని కౌంటర్లో కూర్చునే అక్క మీద పడింది. అక్క అంటే ఇద్దరికీ దూరపు చుట్టం. షాపుకొచ్చే వాళ్లందరూ కూడా అక్కా అనే పిలుస్తారు. ఫ్రేములు చూపించడం, ముక్కుమీద జారకుండా సరిచేయడం ఆమె ఉద్యోగం. రాయబారం మాత్రం ఉచితం.

"అమ్మాయ్, వెళ్లి ఆ దున్నపోతుకి చెప్పు. కుడి అద్దం వంకరగా కూర్చుంది. అవి చేతులా, రోకళ్లా అని అడుగు" అనేవారు అన్నగారు.

అక్క పరదా తీసుకుని లోపలికి వెళ్లేది. "అన్నయ్యగారు ఈ కుడి అద్దం ఒక్కసారి చూడమంటున్నారు తమ్ముడూ. నువ్వు చూస్తేగానీ ఆయనకి నమ్మకం లేదట."

"ఆయన రాసిన నంబరు ఆయనకే కనబడదు. ముందు ఆయన కళ్లు పరీక్ష చేయించుకోమను" అనేవాడు తమ్ముడు.

అక్క బయటికొచ్చి, "ఇప్పుడే సరిచేస్తానన్నాడండీ. మీ దస్తూరి ఎంత బాగుందో అని మురిసిపోతున్నాడు" అనేది.

లోపల అద్దాలు అరగదీసే యంత్రం హోరు కాబట్టి ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. యంత్రం ఆగినప్పుడు ఇద్దరూ నోరు మూసుకునేవారు. తిట్టుకోవడానికి కూడా కాస్త చాటు ఉండాలనే సంస్కారం ఇద్దరికీ ఉంది.

అలా పదకొండేళ్లు గడిచాయి. ఎండాకాలంలో లోపలిగది ఉడికిపోతోందని అన్నగారు తనంతట తానే అక్కడ కొత్త ఫ్యాను పెట్టించారు. వదినకి ఒంట్లో బాగాలేనప్పుడు తమ్ముడు నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు. మాటలు మాత్రం లేవు.

ఇంటి సంగతి ఇలా ఉండగా, ఊళ్లో అన్నగారికి మాట మీద గొప్ప పేరు. ఆయన సద్వాక్య సమితి అధ్యక్షులు. ప్రతి ఆదివారం ఒక హాలు మాట్లాడుకుని, మైకు పెట్టించి, మనుషులు ఒకరితో ఒకరు ఎంత మెత్తగా మాట్లాడాలో గంటన్నరసేపు గట్టిగా చెబుతారు. షాపులో కూడా "ఇచ్చట మృదువుగా మాట్లాడబడును" అని బోర్డు పెట్టించారు. ఈ ఏడు ఆయనకి వాక్‌శుద్ధి పురస్కారం ఇవ్వాలని సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రవేశపెట్టినవారు అధ్యక్షులే.

సరిగ్గా అప్పుడే అక్కకి గాల్‌బ్లాడరులో రాళ్లు తేలాయి. ఆపరేషనుకి పదిహేను రోజులు సెలవు పెట్టింది. ఆమె స్థానంలో సమితి కార్యదర్శి స్వచ్ఛందంగా వచ్చి కూర్చున్నాడు. ఆయన కోర్టులో ముప్ఫైనాలుగేళ్లు గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. విన్నది విన్నట్టు రాయడం, రాసింది రాసినట్టు చదవడం తప్ప ఇంకో పాపం ఎరగడు. సత్యమే ఆయన విలువ. దానికోసం భార్య వంట గురించి కూడా సత్యమే చెప్పి, ప్రస్తుతం హోటల్లో భోంచేస్తున్నాడు.

మొదటిరోజు పదిన్నరకి అన్నగారు అలవాటుగా తమ్ముణ్ణి ఓ మాట అన్నారు. గుమాస్తాగారు నోటుబుక్కులో రాసుకుని, లోపలికి వెళ్లి, యంత్రం ఆపించి, గొంతు సవరించుకున్నాడు.

"పది గంటల ముప్ఫై రెండు నిమిషాలకు తమ అన్నగారు ఇట్లు సెలవిచ్చారు. 'ఆ దున్నపోతుకి చెప్పండి, ఫ్రేము పగలగొడితే తోలు తీస్తానని.' దున్నపోతు అనగా తమరే అని నిర్ధారించుకున్నాను."

తమ్ముడు చేతిలో అద్దం కింద పెట్టాడు. "మా అన్నయ్యా? ఈ మాట అన్నాడా?"

"అక్షరం పొల్లుపోలేదు."

"అలాగైతే ఆ చవట డాక్టరుకి ఇది చెప్పండి" అని తమ్ముడు మొదలుపెట్టాడు. గుమాస్తాగారికి ఒకటిన్నర పేజీ పట్టింది. ముందుగదిలో ముగ్గురు కస్టమర్లుండగా నిలబడి మొత్తం చదివాడు. ఒక బూతు దగ్గర తన దస్తూరి తనకే అర్థంకాక లోపలికి వెళ్లి అడిగి వచ్చి మరీ చదివాడు.

అన్నగారి మొహం పాలిపోయింది. "నిన్నటిదాకా నా దస్తూరి బాగుందన్నవాడు!" అంటూ లేచి, పరదా లాగిపారేశారు. పదకొండేళ్ల తర్వాత అన్నదమ్ములు ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరికీ జుట్టు నెరిసింది.

"నీ దస్తూరి బాగుందని నేనెప్పుడన్నాను? నేను చూస్తేగానీ నమ్మకం లేదని నువ్వేగా చెప్పి పంపేవాడివి!" అన్నాడు తమ్ముడు.

"ఆ మాట నేనూ ఎప్పుడూ అనలేదు!" అన్నారు అన్నగారు.

"మరి ఎవరన్నారు?"

ఇద్దరూ ఒకేసారి ఖాళీగా ఉన్న కౌంటరు వైపు చూశారు.

పదిహేను రోజుల తర్వాత అక్క పొట్టమీద చెయ్యి పెట్టుకుని, మెల్లగా నడుస్తూ షాపుకొచ్చింది. అన్నదమ్ములు పక్కపక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆమెకి కుర్చీ లేదు. పక్కన గుమాస్తాగారు నోటుబుక్కు తెరిచి పెట్టుకున్నాడు.

"మా మాటలు మార్చి చెప్పావా, లేదా?" అడిగారు అన్నగారు.

"మార్చాను. ఉన్నవి ఉన్నట్టు చెప్పుంటే మొదటి వారంలోనే షాపుకి తాళం పడేది కదండీ."

"పడితే పడేది. అబద్ధం అబద్ధమే. విలువలు లేని చోట నేనుండలేను."

"నాతో పదకొండేళ్లు నాటకమాడావక్కా" అన్నాడు తమ్ముడు. "పిచ్చోణ్ణి చేశావు."

"మీ అన్న తిట్టాడని ఆయన మీద కోపం లేదు గానీ, పొగిడాడని చెప్పినందుకు నా మీద కోపమా?" అంది అక్క.

ఆ ప్రశ్న గుమాస్తాగారు రాసుకున్నాడు.

అన్నగారు లేచి, చాలా మెత్తగా, మైకులో మాట్లాడినట్టే మాట్లాడారు. "అమ్మాయ్, నీ ఆరోగ్యం మాకు ముఖ్యం. నువ్విక పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలని మేమిద్దరం మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాం." పదకొండేళ్లలో అన్నదమ్ములు కలిసి చేసిన మొదటి పని అదే.

పురస్కారం సభ బ్రహ్మాండంగా జరిగింది. శాలువా కప్పించుకుని అన్నగారు, మాటలో నిజాయితీ గురించి చెబుతుంటే ముందువరుసలో తమ్ముడు చప్పట్లు కొట్టాడు. ఇక మధ్యలో ఎవరూ లేరు కాబట్టి అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది పంతొమ్మిది రోజులు సాగింది. ఇరవయ్యో రోజున వడ్రంగి వచ్చాడు. పరదా ఉండే చోట చెక్కగోడ లేచింది. లోపలిగదికి పక్కసందులోంచి కొత్త గుమ్మం తెరిచారు. ఇప్పుడు ముందువైపు నంబరు రాస్తారు, అద్దాలు దొరకవు. సందువైపు అద్దాలు దొరుకుతాయి, నంబరు రాసేవాళ్లు లేరు. వయసుమళ్లిన వాళ్లు చీటీ పట్టుకుని, తడుముకుంటూ సందంతా తిరుగుతుంటారు.

అక్కకి రోడ్డు అవతల పళ్లడాక్టరు దగ్గర, వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే పని దొరికింది. నాలుగు నెలలకి ఒకరోజు తమ్ముడు అక్కడికొచ్చి, బెంచీమీద కూర్చున్నాడు.

"పన్ను నొప్పా?" అంది అక్క.

"కాదు. ఒకటి అడుగుదామని. అన్నయ్య... ఒక్కసారైనా నా గురించి మంచిగా ఏమైనా అన్నాడా?"

"నిజం కావాలా, మీ దగ్గర జీతం తీసుకున్నప్పటి మాట కావాలా?"

తమ్ముడు తల దించుకున్నాడు. "అదే... జీతం అప్పటిది చెప్పు" అన్నాడు.

"ఆ పని మానేశాను. మీరే మాన్పించారు. అడగాలనుంటే వెళ్లి ఆయన్నే అడుగు" అని, అక్క తర్వాతి పేరు పిలిచింది.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"వెళ్లానక్కా. ఆదివారానికి ఉపన్యాసం రాసుకుంటున్నాడు. కూర్చోమని మొత్తం చదివి వినిపించాడు. నలభై నిమిషాలు. ఎలా ఉందన్నాడు. బాగాలేదన్నాను."

"ఏమన్నారు?"

"ఎక్కడ బాగాలేదని అడిగాడు. మొదటినుంచీ అన్నాను."

"తర్వాత?"

"ఏముంది, అడగాలనుకున్నది మరిచేపోయాను. సాయంత్రం దాకా పోట్లాడుకున్నాం" అన్నాడు తమ్ముడు. అతని మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది.